తలుపేసుకుని ఇరవై నిమిషాలు

అమ్మణ్ణీ,

రెండో కీమో అయినప్పటి నుంచీ నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఫోన్‌లో యోగా వీడియోలు చూస్తే టెన్షన్ ఇంకా పెరుగుతోందని మీ అమ్మ చెప్పింది. పదకొండేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి కాబట్టి, నాకు పనికొచ్చింది రాస్తున్నా.

యోగాతో క్యాన్సర్ గడ్డ కరగదు. కరుగుతుందని ఎంత పెద్ద గురువు చెప్పినా ఒక దండం పెట్టి వచ్చెయ్. కీమో ఒక్కటి కూడా మానొద్దు. ఇది గుండెదడకి, నిద్రకి, అంతే. బెంగళూరు ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం వాళ్లూ అమెరికా ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి వాళ్లూ కలిసి, రేడియేషన్ తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్లతో 6 వారాలు, వారానికి 3 సార్లు యోగా చేయించారట. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి, టెన్షన్‌కి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ వాళ్లలో పొద్దుటి నుంచి రాత్రికి బాగా తగ్గుతూ వచ్చిందని మా అబ్బాయి చదివి చెప్పాడు.

నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యొద్దు. ఆపరేషనై మూడు నెలలు కాకముందే ఊళ్లో ఎవరో యోగా శిబిరం పెడితే వెళ్లి, చేతుల మీద బరువు మోపే ఆసనాలన్నీ కుర్రపిల్లలతో పోటీపడి చేశా. చంకలో గ్రంథులు తీసేశారయ్యా అంటే, "ఏం కాదులేమ్మా" అన్నాడాయన. వారం తిరక్కుండా ఎడమ చెయ్యి వాచి గాజులు దిగలేదు. అదే కారణమని చెప్పలేను గానీ, గ్రంథులు తీసిన చేతికి నీరు పట్టే ప్రమాదం ఉంటుంది. కదపకుండా దాచుకోమని కాదు, డాక్టర్ని అడిగి కొంచెం కొంచెంగా పెంచు. జబ్బు ఎముకలకి పాకిందంటే మాత్రం వంగడాలు, మెలితిప్పడాలు వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు తల కిందికి పెట్టే ఆసనాలొద్దు. పాదాలు తిమ్మిరెక్కితే కిటికీ ఊచ పట్టుకునే నిలబడు. తెల్లకణాలు పడిపోయిన వారం జనంలోకి, అంటే క్లాసులకి వెళ్లకు.

మరి ఏం చెయ్యాలంటే, దాదాపు ఏమీ చెయ్యొద్దు! మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకో. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదులు. బిగపట్టొద్దు, పొట్ట ఎగరేస్తూ ఊపిరి గబగబా వదిలే కపాలభాతి అసలే వద్దు. వాంతి వచ్చేట్టుంటే ఆపెయ్. నాకు బాగా పనిచేసింది భ్రామరి, నోరు మూసుకుని తుమ్మెదలాగా మ్మ్ అనడం. తలలో తిరిగే ఆలోచనలు ఆ మోతలో కాసేపు వినపడవు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. చూడ్డానికొచ్చి "అయ్యో, ఎంత కష్టమొచ్చిందే" అని మనకన్నా ముందు ఏడ్చేవాళ్లుంటారు చూడు, వాళ్లొచ్చేసరికి "యోగా టైమైంది" అని తలుపేసుకో. మీ అత్తగారు కూడా కాదనలేరు. లోపల పడుకుని ఏడుపొస్తే ఏడువు, శవాసనంలో ఏడవకూడదని ఎక్కడా రాయలేదు. నేను సగం రోజులు అదే చేశా.

రిపోర్టు వచ్చే ముందురోజు రాత్రి మాత్రం నాకు ఇవేవీ పనిచేసేవి కావు. లేచి కందిపప్పు ఏరుకుంటూ కూర్చునేదాన్ని.

వచ్చే చెకప్‌కి చెన్నైకి పినాకిని రైల్లోనేగా? ఒంగోల్లో మీరెక్కండి, కావలిలో నేనెక్కుతా. నాకు కిటికీ పక్క సీటు ఉంచు, పులిహోర తెస్తా.

మీ పెద్దమ్మ