టెక్ సందేహాలు: ఫోన్లో, కార్లో, స్పీకర్లో మీ రేడియో

ఈసారి ప్రశ్నలన్నీ రేడియో స్టేషన్లు నడిపేవాళ్లవే. ఒకప్పుడు స్టూడియోలోంచి బయటికెళ్లే తీగ ఒక్కటే, దాని చివర ట్రాన్స్‌మిటర్ ఉండేది. ఇప్పుడదే కార్యక్రమం ఎఫ్ఎంతో పాటు యాప్‌లో, కారు డ్యాష్‌బోర్డులో, స్మార్ట్ స్పీకర్లో, పాడ్‌కాస్ట్‌లో కూడా వినిపించాలి. ఒక దారికి కుదిరిన అమరికను ఇంకో దారికి అంటగట్టడం వల్లే ఈ ఉత్తరాల్లోని ఇబ్బందులు చాలావరకు వచ్చాయి.

ప్రశ్న: మా ఎఫ్ఎం శుభ్రంగా వినిపిస్తుంది. అదే శబ్దాన్ని ఆన్‌లైన్ స్ట్రీమ్‌కి ఇస్తే ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. పాటల్లో తాళాలు నీళ్లలో మోగినట్టున్నాయి. బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 128 కేబీపీఎస్‌కి పెంచినా తేడా లేదు.

జవాబు: లక్షణాలను బట్టి చూస్తే, ఎఫ్ఎం ప్రాసెసర్ (ప్రసారానికి తగ్గట్టు శబ్దాన్ని మలిచే పెట్టె) దాటాక తీగ లాగి, శబ్దాన్ని స్ట్రీమ్ కోసం కుదించే ఎన్‌కోడర్‌కి ఇచ్చినట్టున్నారు. తప్పు అక్కడుంది, బిట్‌రేట్ ఎంత పెంచినా పోదు. ఎఫ్ఎంలో హెచ్చు ఫ్రీక్వెన్సీలను ప్రసారానికి ముందు కావాలనే పెంచుతారు. దీని పేరు ప్రీ-ఎంఫసిస్. రేడియో సెట్ వాటిని మళ్లీ అంతే తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపులో దారిలో కలిసిన సరసర చప్పుడు కూడా అణిగిపోతుంది. 50 మైక్రోసెకన్ల పద్ధతి వాడే దేశాల్లో 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ పెంపు దాదాపు 13.7 డెసిబెల్స్, 75 మైక్రోసెకన్ల పద్ధతిలో దాదాపు 17. ఫోన్లో ఉన్న ప్లేయర్‌కి ఈ సంగతి తెలియదు కాబట్టి తగ్గించదు. ‘స’ గుచ్చుకునేది అందుకే.

నీళ్లలో మోగినట్టుండటానికి కారణం క్లిప్పర్. ఎఫ్ఎం డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) హద్దు దాటకుండా ప్రాసెసర్ తరంగాల కొసలను కత్తిరిస్తుంది. కత్తిరించిన చోట పాటలో లేని హార్మోనిక్స్ (అదనపు హెచ్చు ఫ్రీక్వెన్సీలు) పుడతాయి. ఎంపీ3, ఏఏసీ ఎన్‌కోడర్లు వాటిని కూడా సంగీతమే అనుకుని బిట్లు ఖర్చుపెడతాయి. అసలు తాళాలకు మిగిలేది అంతంతమాత్రం.

ఏ రోటి దగ్గర ఆ పాట పాడాలి. మిక్సర్ ప్రోగ్రామ్ ఔట్‌పుట్‌ను రెండుగా చీల్చండి. ఒకటి ఎప్పట్లాగే ఎఫ్ఎం ప్రాసెసర్‌కి వెళ్తుంది. రెండోది హెచ్చుతగ్గులను సర్దే తేలికపాటి కంప్రెసర్, దాని తర్వాత శిఖరాలను ముందే పసిగట్టి తగ్గించే లుక్-అహెడ్ లిమిటర్ దాటి స్ట్రీమ్ ఎన్‌కోడర్‌కి వెళ్లాలి. అక్కడ క్లిప్పర్ వద్దు. ట్రూ పీక్ (తరంగం నిజంగా చేరే శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు, సగటు లౌడ్‌నెస్ మైనస్ 16 నుంచి మైనస్ 18 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే బిగ్గరతనానికి కొలమానం) మధ్య ఉంటే చాలు. ప్రాసెసర్ నుంచే తీసుకోక తప్పదంటే, దాని ఔట్‌పుట్ మెనూలో ‘ఫ్లాట్’ లేదా ‘డీ-ఎంఫసిస్’ ఎంపిక ఉందేమో చూడండి. దానితో ‘స’ బాగుపడుతుంది, క్లిప్పింగ్ మాత్రం అలాగే ఉంటుంది.

బిట్‌రేట్ విషయానికొస్తే, హెచ్‌ఈ-ఏఏసీలో 64 కేబీపీఎస్, మామూలు ఏఏసీలో 96 నుంచి 128, ఎంపీ3 అయితే 128 సరిపోతాయి. స్టూడియోలో సౌండ్‌కార్డు, ప్లేఔట్ (పాటలు వరుసగా వినిపించే సాఫ్ట్‌వేర్), ఎన్‌కోడర్ అన్నీ ఒకే శాంప్లింగ్ రేటులో (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క), 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. ఒకటి 44.1లో, మరొకటి 48లో ఉండి మధ్యలో మార్పిడి సరిగా జరక్కపోతే, ఉండుండి ‘టిక్’మంటుంది. పాటల నిల్వ నాణ్యత పోని ఫ్లాక్ లేదా వేవ్ ఫైళ్లలో ఉంచుకోండి. 128 ఎంపీ3గా కుదించిన పాటను మళ్లీ ఏఏసీగా కుదిస్తే, పిండిన చెరకును మళ్లీ పిండినట్టే.

ఇదే ఉత్తరంలో డేటా ఖర్చు కూడా అడిగారు. 64 కేబీపీఎస్ అంటే గంటకు 28.8 ఎంబీ, 128 అయితే 57.6 ఎంబీ. ఒకేసారి 1000 మంది 64లో వింటే మీ సర్వర్ నుంచి 64 ఎంబీపీఎస్ బయటికి పోవాలి. ఆ భారం స్టూడియో బ్రాడ్‌బ్యాండ్ మీద వేయకండి. స్టూడియో నుంచి డేటా సెంటర్లోని సర్వర్‌కి ఒక్క కాపీ పంపండి, శ్రోతలకు అది పంచుతుంది. అక్కడ కూడా లెక్కకు వచ్చినదానికి రెట్టింపు సామర్థ్యం తీసుకోండి. పెద్ద వార్త వచ్చిన రోజు అందరూ ఒక్కసారే వచ్చిపడతారు, స్టేషన్ అవసరం ఎక్కువగా ఉండేది కూడా ఆ రోజే.

ప్రశ్న: పాట పేరు తెలుగులో పంపితే యాప్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. కార్లలో అయితే మా స్టేషన్ పేరు కూడా రావడం లేదు.

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. ముందు యాప్ సంగతి. శ్రోతలకు స్ట్రీమ్ పంచే ఐస్‌కాస్ట్ సర్వర్ ఎంపీ3 స్ట్రీమ్‌లో వచ్చే పాటపేర్లను, మీరు వేరే చెప్పకపోతే, లాటిన్-1 అక్షరాలుగా (పశ్చిమ యూరప్ భాషల పాత సంకేతాలు) చదువుతుంది. మీ సాఫ్ట్‌వేర్ పంపేది యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ రాయగల సంకేతాలు). కాన్ఫిగరేషన్ ఫైల్లో మీ మౌంట్ (సర్వర్లో మీ స్ట్రీమ్‌కి ఉన్న చోటు) విభాగం తెరిచి, అందులో చార్‌సెట్ అనే ట్యాగ్ చేర్చి విలువగా యూటీఎఫ్-8 రాసి, సర్వర్‌ని తిరిగి మొదలుపెట్టండి. చాలాసార్లు సమస్య ఇక్కడితో తీరిపోతుంది. తీరకపోతే పంపే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి.

కారుకి ఎఫ్ఎం ద్వారా పేరు చేర్చేది ఆర్‌డీఎస్. ఎఫ్ఎం సిగ్నల్లోనే దాగిన 57 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ (ఉప తరంగం) మీద సెకనుకు 1187.5 బిట్లు మాత్రమే మోసే సన్నని దారి అది. స్టేషన్ పేరుకు 8 అక్షరాలు, పాట వివరాల్లాంటివి చూపే రేడియోటెక్స్ట్‌కు 64. దాని మూల అక్షరమాలలో తెలుగు లేదు. అందుకని ప్లేఔట్ డేటాబేస్‌లో ప్రతి పాటకూ పేరును రెండు గడుల్లో పెట్టుకోండి, ఒకదాంట్లో తెలుగు లిపి, ఇంకోదాంట్లో ఇంగ్లీషు అక్షరాలు. ఆర్‌డీఎస్‌కి రెండోది వెళ్లాలి. ఆ 8 అక్షరాల పేరును ముక్కలుగా మార్చిమార్చి ప్రకటనలు తిప్పే స్టేషన్లున్నాయి. అది ప్రమాణానికి విరుద్ధం, పైగా బండి నడిపేవారి కళ్లను రోడ్డు మీంచి లాగేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

డ్యాబ్ ప్లస్ అనే డిజిటల్ రేడియో ప్రసారంలో నడిచే అక్షరాల వరుసకు 128 బైట్లు ఇచ్చారు, యూటీఎఫ్-8 పంపవచ్చు. కానీ తెలుగులో లెక్క కంటికి కనిపించేలా ఉండదు. ‘లక్ష్మి’ చూడ్డానికి రెండక్షరాలే. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. అంటే 128 బైట్లలో పట్టేది 42 సంకేతాలు. దాటితే వాక్యం సగంలో తెగుతుంది, ఒక్కోసారి అక్షరం నడుమనే తెగి చివర ఖాళీ డబ్బా కనిపిస్తుంది. కాబట్టి పాటపేరు, గాయకుల పేరు రెండు వేర్వేరు సందేశాలుగా పంపండి. సెట్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే అన్నీ డబ్బాలే వస్తాయి గనుక, రెండు మూడు రకాల రిసీవర్ల మీద చూసుకున్నాకే తెలుగుకు మారండి.

కొత్త కార్ల సంగతి వేరు. రేడియోడీఎన్ఎస్ పద్ధతి తెలిసిన కారు, గాల్లో వినిపించే ఫ్రీక్వెన్సీని, ఆర్‌డీఎస్‌లోని పీఐ కోడ్‌ను (స్టేషన్ గుర్తింపు సంఖ్య), దేశపు కోడ్‌ను కలిపి ఒక ఇంటర్నెట్ చిరునామా తయారుచేసుకుంటుంది. 95.8 మెగాహెర్ట్జ్ అయితే ఆ చిరునామా 09580తో మొదలవుతుంది. అక్కడ మీ స్టేషన్ నమోదై ఉంటే లోగో, కార్యక్రమాల పట్టిక, స్ట్రీమ్ చిరునామా అన్నీ కారు తెచ్చుకుంటుంది. ఎఫ్ఎం అందని చోటికి వెళ్లగానే స్ట్రీమ్‌కి మారే ఏర్పాటు కూడా కొన్ని కార్లలో ఉంది. పీఐ కోడ్ తప్పుంటే ఇదేదీ జరగదు. ఆర్‌డీఎస్ ఎన్‌కోడర్ మెనూలోకి వెళ్లి, మీకు కేటాయించిన నాలుగంకెల హెక్స్ (0-9 అంకెలు, ఏ-ఎఫ్ అక్షరాలతో రాసే) కోడే ఉందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడ్ అలాగే ఉండిపోయిందా అని ఈరోజే చూడండి. లోగోలు 32×32, 112×32, 128×128, 320×240, 600×600 పిక్సెళ్ల కొలతల్లో సిద్ధం చేసుకోండి. 32×32లో పేరంతా ఇరికిస్తే చదవలేరు, గుర్తు మాత్రమే పెట్టండి.

ప్రశ్న: వెబ్‌సైట్‌ని హెచ్‌టీటీపీఎస్‌కి మార్చాక ప్లే బటన్ నొక్కితే ఏమీ రావడం లేదు.

జవాబు: సైట్ మారింది, స్ట్రీమ్ ఇంకా హెచ్‌టీటీపీలోనే ఉంది. భద్రమైన పేజీలో భద్రత లేని శబ్దాన్ని బ్రౌజర్లు ఆడనివ్వవు. స్ట్రీమ్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి రివర్స్ ప్రాక్సీ (బయటి అభ్యర్థనలు అందుకుని అసలు సర్వర్‌కి చేర్చే సాఫ్ట్‌వేర్) పెట్టి, సర్టిఫికెట్ తగిలించి, 443 పోర్టులో ఇవ్వండి. ప్రాక్సీ బఫరింగ్ ఆపేయడం మరవకండి. 8000 పోర్టును ఆపేసే ఆఫీసు ఫైర్‌వాల్స్ వెనక ఉన్నవాళ్లు కూడా దీంతో వినగలుగుతారు. స్మార్ట్ స్పీకర్లకూ హెచ్‌టీటీపీఎస్ చిరునామాయే కావాలి.

ఇదే అదనుగా ఇంకో పని చేయండి. స్ట్రీమ్ చిరునామా మీ సొంత డొమైన్ కింద ఉండాలి, హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన చిరునామాను ఎక్కడా అచ్చు వేయకండి. యాప్‌లు, స్పీకర్లు, కార్లు, స్టేషన్ల జాబితాలు మీ చిరునామాను ఏళ్ల తరబడి దాచుకుంటాయి. సొంత పేరుంటే కంపెనీ మారినప్పుడు డీఎన్ఎస్‌లో ఒక్క వరుస మారిస్తే సరి. మార్చడానికి ఒకరోజు ముందు టీటీఎల్‌ను (ఇతరులు పాత చిరునామాను గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకు తగ్గించండి, పాత సర్వర్‌ను ఇంకో వారం నడవనివ్వండి. నా దృష్టిలో యాప్ కన్నా, కొత్త మిక్సర్ కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ప్రశ్న: ఎఫ్ఎం కన్నా స్ట్రీమ్ అర నిమిషం వెనకపడుతోంది. తగ్గించలేమా?

జవాబు: కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. స్ట్రీమ్‌ను చిన్నచిన్న ఫైళ్లుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్‌లో 6 సెకన్ల ముక్కలుంటే ప్లేయర్ మామూలుగా మూడు ముక్కలు వెనక మొదలవుతుంది. అక్కడే 18 సెకన్లు, ఎన్‌కోడింగ్, పంపిణీ అదనం. ఐస్‌కాస్ట్ అయితే వినడం మొదలుపెట్టగానే 64 కిలోబైట్లు ఒక్క ఊపున ఇస్తుంది. 64 కేబీపీఎస్‌లో అది 8 సెకన్ల పాట. ఆ బఫర్ మరీ తగ్గిస్తే, ప్రయాణంలో టవర్ మారిన ప్రతిసారీ పాట ఆగుతుంది. సగం కన్నా కిందికి దింపకండి.

మార్చాల్సింది కార్యక్రమం అలవాట్లను. ‘సరిగ్గా ఎనిమిదైంది’ అనే మాట, టైమ్ పిప్స్ (గంట కొట్టే ‘పిప్’ చప్పుళ్లు) స్ట్రీమ్‌లో తప్పు సమయం చెప్తాయి. ‘ఎనిమిది దాటింది’ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ‘ముందు ఫోన్ చేసినవాళ్లకే బహుమతి’ అంటే స్ట్రీమ్ శ్రోతలు ఎప్పటికీ గెలవరు. రెండు నిమిషాల గడువిచ్చి, ఆలోపు వచ్చిన సరైన జవాబుల్లోంచి చీటీ తీయండి.

ప్రశ్న: అందరూ ఫోన్లలోనే వింటున్నారు. ఎఫ్ఎం వదిలేసి పూర్తిగా ఇంటర్నెట్‌కి, లేదా డిజిటల్‌కి వెళ్లిపోవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఎఫ్ఎంలో పదిమంది విన్నా లక్షమంది విన్నా కరెంటు బిల్లు ఒకటే. ఇంటర్నెట్‌లో ప్రతి కొత్త శ్రోతకూ డేటా ఖర్చు పెరుగుతుంది. తుపానుకు సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాక కూడా రెండు సెల్స్ వేసిన రేడియో మోగుతుంది. ఆ ఒక్క రోజు కోసమైనా ట్రాన్స్‌మిటర్ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

డిజిటల్‌లో ఏది ఎంచుకోవాలో మీరొక్కరే తేల్చలేరు. డ్యాబ్ ప్లస్‌లో 1.536 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే మల్టీప్లెక్స్‌ను (ఉమ్మడి ప్రసార ఛానెల్) చాలా స్టేషన్లు పంచుకుంటాయి. సాధారణంగా వాడే దోష రక్షణ స్థాయిలో 1152 కేబీపీఎస్ దొరుకుతుంది, తలా 64 అనుకుంటే 18 స్టేషన్లు. స్టేషన్లు ఎక్కువున్న నగరానికి లాభం, పక్కన ఎవరూ లేని ఒంటరి స్టేషన్‌కి భారం. అలాంటివారికి డీఆర్‌ఎం అనే ఇంకో డిజిటల్ రేడియో పద్ధతి నప్పుతుంది, మీడియం వేవ్‌లోని 9 లేదా 10 కిలోహెర్ట్జ్ ఛానెల్లో కూడా ఇముడుతుంది. రెండింటికీ శ్రోతల చేతుల్లో సెట్లుండాలి. నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసి డ్యాబ్‌కి మారినప్పుడు కూడా స్థానిక స్టేషన్లు చాలావరకు ఎఫ్ఎంలోనే ఉండిపోయాయి.

ప్రశ్న: మా మూడు గంటల షోను రోజూ పాడ్‌కాస్ట్‌గా పెడుతున్నాం. ఎవరూ వినడం లేదు.

జవాబు: మూడు గంటల రికార్డింగు పాడ్‌కాస్ట్ అవదు. అందులో ఇంటర్వ్యూనో, వైద్యుడి సలహానో ఉంటే ఆ 15, 20 నిమిషాలే కోసి పెట్టండి. ‘ఈ సాయంత్రం’, ‘విరామం తర్వాత’ లాంటి మాటలు తీసేయండి. పాటలు కూడా తీసేయాలి, ప్రసార హక్కులు ఉన్నంతమాత్రాన డౌన్‌లోడ్ హక్కులు వచ్చినట్టు కాదు. వీటన్నిటికీ తేలిక దారి, మైకులను పాటలతో కలపకుండా వేరే ట్రాక్‌లో రికార్డు చేసుకోవడం. మాటలకు మోనో 64 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్, బొమ్మ 3000×3000 పిక్సెళ్లు. లెక్కలు చూసేటప్పుడు నిమిషమైనా వినని డౌన్‌లోడ్లను కలపకండి.

ప్రశ్న: రాత్రిపూట స్టూడియోలో ఎవరూ ఉండరు. ట్రాన్స్‌మిటర్‌కి ఇంటర్నెట్ లింకే ఆధారం. రెండుసార్లు గంటల తరబడి నిశ్శబ్దం ప్రసారమైంది.

జవాబు: ట్రాన్స్‌మిటర్ దగ్గర సైలెన్స్ సెన్సర్ పెట్టండి. శబ్దం మైనస్ 40 డెసిబెల్స్ కన్నా తక్కువగా 25 సెకన్లు ఉంటే, అక్కడే ఉన్న చిన్న ప్లేయర్‌కి మారిపోవాలి. అందులో కనీసం 6 గంటల కార్యక్రమాలు, స్టేషన్ పేరు చెప్పే జింగిల్స్ ఉండాలి. 10 సెకన్లకే మారేలా పెడితే నాటకంలో విరామాలకు కూడా మారిపోతుంది. లింక్ ఎస్‌ఆర్‌టీలో (ఇంటర్నెట్‌లో పోయిన డేటాను మళ్లీ అడిగి తెచ్చుకునే పద్ధతి) నడిపితే లేటెన్సీని, అంటే ఆగి చూసే సమయాన్ని, పింగ్ సమయానికి (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) నాలుగు రెట్లు పెట్టండి, పింగ్ 60 మిల్లీసెకన్లయితే 240. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లున్నా రెండూ ఒకే స్తంభం మీది కేబుల్ అయితే ఒకేసారి పోతాయి, రెండోది మొబైల్ నెట్‌వర్క్‌ది తీసుకోండి.

స్ట్రీమ్‌కి ఐస్‌కాస్ట్‌లోనే ఫాల్‌బ్యాక్ మౌంట్ ఉంది, అసలు స్ట్రీమ్ ఆగితే శ్రోతలను మరో స్ట్రీమ్‌కి మారుస్తుంది. ఆ రెండో స్ట్రీమ్ కోడెక్ (ఎంపీ3, ఏఏసీ లాంటి కుదింపు పద్ధతి), శాంప్లింగ్ రేటు, బిట్‌రేట్ అసలుదానితో సరిగ్గా కలవాలి, లేకపోతే మారే క్షణంలో చాలా ప్లేయర్లు ఆగిపోతాయి. అసలు స్ట్రీమ్ తిరిగొచ్చినప్పుడు శ్రోతలను వెనక్కి తేవాలంటే ఫాల్‌బ్యాక్ ఓవర్‌రైడ్ విలువ 1 అని పెట్టాలి. అంతా అమర్చాక, శ్రోతలు తక్కువగా ఉండే ఒక వేకువజామున స్టూడియోలో నెట్‌వర్క్ కేబుల్ పీకి, పక్కన రేడియో, చేతిలో ఫోన్ పెట్టుకుని 25 సెకన్లు లెక్కపెట్టండి.