డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను నిలబడుతూ పైకెత్తే వ్యాయామం) చేస్తుంటే నడుం పట్టేసింది, ఇక బరువులెత్తడం మానేయాలా?

మానక్కర్లేదు. అయితే వంగలేకపోతున్నానని రాశారు గానీ, నొప్పి నడుం దగ్గరే ఉందో, కాల్లోకి దిగుతోందో రాయలేదు. ముందు అది చూసుకోండి. పిర్ర మీదుగా మోకాలి కిందిదాకా లాగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, కాలి వేళ్ళు పైకెత్తలేకపోతున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకుండా విశాఖలో అయితే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్ళిపోవాలి.

ఇవేవీ లేకపోతే చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. మొదట్లోనే ఎమ్మారై తీయించుకుని టెన్షన్ పడకండి. ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా చాలామందిలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఉబ్బినట్టు కనిపిస్తుంది.

నాకూ ఇలాగే విశాఖ మద్దిలపాలెంలో ఒక చిన్న జిమ్‌లో నడుం కలుక్కుమంది. నిటారుగా నిలబడలేకపోయాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో తొక్కిస్తే పట్టు వదులుతుందని అమ్మ, మంచం దిగొద్దని బాబాయ్, బెల్టు కొనుక్కోమని ట్రైనర్. నేను వెళ్ళిన ఫిజియోథెరపిస్ట్ మూడూ వద్దన్నారు. పట్టేసిన నడుం మీద బరువు మోపకూడదు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే ఇంకా బిగుసుకుపోతుంది. బెల్టు పొట్ట బిగించడానికి ఆసరా ఇస్తుందే తప్ప వంగే తీరును సరిచేయదు. ఆవిడ చెప్పింది నడవమని. తెల్లవారుజామున వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు మీద మెల్లగా నడిచేవాణ్ణి, ఇసుకలో మాత్రం కాదు. అడుగు దిగబడినప్పుడల్లా నడుం కలుక్కుమనేది.

అసలు కారణం ఆవిడ నా వీడియో చూసి పట్టుకున్నారు. మీరూ ఇది తప్పకుండా చూసుకోండి. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న జిమ్‌లలో ఉండే పది కిలోల ఇనుప ప్లేట్లు అంతకంటే బాగా చిన్నవి. బార్ చీలమండ దగ్గరికి దిగిపోతుంది, దాన్ని అందుకోబోతే చాలామందికి నడుం గుండ్రంగా వంగిపోతుంది. ప్లేట్ల కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టి బార్‌ను మోకాలికీ చీలమండకీ మధ్యకి తెచ్చాక నాకు కింది నుంచి లేపేటప్పుడు వచ్చే నొప్పి పోయింది. నడుం కుదుటపడింది ఎక్కువగా దీనివల్లేనని నా నమ్మకం.

వంగడం కూడా మళ్ళీ నేర్చుకోవాలి. వీపు వెంట ఒక కర్ర పెట్టుకోండి, తల వెనక, వీపు పైభాగం, పిర్రల నడిమి ఎముక మూడూ దానికి తగిలి ఉండాలి. అవి వదలకుండా పిర్రల్ని వెనక్కి నెడుతూ వంగండి. ఇది కుదిరాకే ఖాళీ బార్, పోటీల్లో మగవాళ్ళు వాడే బార్ అయితే అదే 20 కిలోలు ఉంటుంది. ఎత్తే ముందు పొట్టలోకి గాలి పీల్చి బిగించండి (బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్‌ని అడగాలి). మర్నాడు పొద్దున లేచాక నొప్పి ముందుకంటే పెరగకపోతేనే కొంచెం బరువు పెంచండి. వీటికి తోడు కెనడా ప్రొఫెసర్ స్టూవర్ట్ మెక్‌గిల్ చెప్పిన మూడు వ్యాయామాలు, కర్ల్-అప్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు కొద్దిగా లేపడం), సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు నిలపడం), బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం), నాకు బాగా పనికొచ్చాయి. రోజూ కొద్దిసేపు చాలు.

బరువులెత్తితే నడుం పోతుందని మీ ఇంట్లో భయపడుతున్నారన్నారు. మన పక్క శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. శరీరం అలవాటు పడని బరువు, అలవాటు లేని భంగిమలో ఎత్తినప్పుడే ఇబ్బంది. ఇంట్లోవాళ్ళకి ఈ మాట నిదానంగా చెప్పండి.

నాలుగైదు వారాలైనా తగ్గకపోతే ఫిజియో దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పక్క నుంచి తీసిన మీ డెడ్‌లిఫ్ట్ వీడియో ఫోన్‌లో ఉంచుకోండి, అందులో ప్లేట్లు కూడా కనిపించాలి.