కొత్త కారు రంగు మళ్లీ మళ్లీ పొంగుతుంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బానెట్ మీద బుడగలు రెండోసారి లేచాయని, షోరూమ్ వాళ్లు "ఫ్రీగా మళ్లీ కొట్టిచ్చేస్తాం సార్" అంటున్నారని రాశావు. తొందరపడి బండి అప్పజెప్పకు. ఎందుకు లేచాయో తేలకుండా ఇంకో కోటు వేయడమంటే పుండు మీద పౌడరు అద్దడమే. ముందు కారణం రాసిమ్మను, రంగు సంగతి తర్వాత.

వర్క్‌షాప్ మేనేజర్ ఎదురుగానే ఒక బుడగను బ్లేడుతో కోయించి ఫొటో తీసుకో. పొర ఎక్కడ విడిపోయిందో చూస్తే సగం సంగతి బయటపడుతుంది. అడుగున రేకు కనబడి తుప్పు ఉంటే లోపం రేకు దగ్గరే మొదలైంది. ప్రైమర్, అంటే రేకు మీద వేసే అడుగు కోటు, గట్టిగా ఉండి పై రంగు మాత్రమే లేస్తే కోట్ల మధ్య నీరో, నూనో, చేతి చెమటో మిగిలిపోయింది. చెమటలోని ఉప్పు తేమను లాక్కుంటుంది. ఎండాకాలం నున్నగా ఉన్న బానెట్ వానలు పడగానే పొంగేది అందుకే. సూది మొనంత కన్నాలైతే, రంగును పలచన చేసే థిన్నర్ ఆరనివ్వకుండా మందంగా కొట్టేశారు. గుండ్రటి గుంటలైతే సిలికాన్ తగిలింది. అదే షెడ్డులో ఎవరో సిలికాన్ ఉన్న టైర్ పాలిష్ స్ప్రే చేసినా ఆ తుంపర చాలు.

అన్నీ వాళ్ల నెత్తిన వేయడానికీ లేదు. బోరు నీటి తెల్ల మరకలు, పిట్ట రెట్ట తినేసిన గుర్తులు మన ఖాతాలోవే. తెల్ల బండి మీద నారింజ చుక్కలు చాలాసార్లు గాల్లో వచ్చి అతుక్కున్న ఇనుప రజను, బంకమట్టి ముద్దలాంటి క్లే బార్‌తో రుద్దితే పోతుంది.

తర్వాత గేజ్ పెట్టి రంగు మందం కొలిపించు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ముందు రూఫ్ కొలిచి దాన్ని లెక్కగా పెట్టుకో, రూఫ్‌కి రీపెయింట్ అరుదు. తర్వాత ఒక్కో ప్యానెల్ మీద అయిదు చోట్ల చూడు. నీ బానెట్‌కి ఇప్పటికే మళ్లీ రంగు పడింది కాబట్టి ఎలాగూ ఎక్కువే వస్తుంది. ఎవరూ ముట్టుకోలేదన్న డోరు 250 దాటితే మాత్రం డెలివరీకి ముందే దానికి రంగు పడిందని అనుమానించాలి. 500 దాటితే కింద సొట్టలు పూడ్చే పుట్టీ ఉన్నట్టే. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు. బానెట్ అల్యూమినియమైతే దానికి తగిన గేజ్ కావాలి.

ఇంకో మాట. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని ప్రైమర్ తొట్టెలో ముంచి 170 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. వైర్లు, ప్లాస్టిక్ ఎక్కిన బండికి ఆ వేడి పెట్టలేరు. వర్క్‌షాప్ బూత్‌లో గట్టిపడేలా చేసే హార్డెనర్ కలిపిన రంగుని 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెడతారు. "కంపెనీ ఫినిష్ వచ్చేస్తుంది" అనే మాట నమ్మకు. మంచి పనితనం దొరికితే చాలు.

ఆ పనితనం కోసం, చేయాల్సిన పని రాసే జాబ్ కార్డులోనే షరతులు రాయించు. బుడగలున్న చోట రేకు దాకా గీకాలి, తుప్పు పట్టనివ్వని ఎపాక్సీ ప్రైమర్ పడాలి. పుట్టీని తడిపి రుద్దే గరుకు కాగితంతో రుద్దకూడదు, పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. కంప్రెసర్ లైన్లో నీటి ఫిల్టర్ ఉండాలి, ట్యాంకులో నీళ్లు ఆ పొద్దున వదిలేసి ఉండాలి. అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టేది ఇప్పుడు చెప్పబోయేదే. రంగుకి ముందు జిడ్డు తీసే డీగ్రీజర్‌ని ఒక గుడ్డతో పూసి, అది ఆరేలోపు ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. కోటుకీ కోటుకీ మధ్య టిన్ను మీద రాసినంత సేపు ఆగాలి. రంగు మీద వేసే పారదర్శకమైన క్లియర్ కోటు ప్యానెల్ మొత్తానికీ అంచు దాకా వెళ్లాలి, మధ్యలో ప్యాచ్ ఒప్పుకోకు. పనయ్యాక నెల రోజులు వ్యాక్స్, కోటింగ్, పీపీఎఫ్ (రంగు మీద అతికించే రక్షణ ఫిల్మ్) ఏవీ వద్దు.

సర్వీస్ అడ్వైజర్ "పెయింట్ టచప్" అని రాస్తే దిద్దించు. "బానెట్ ఎడమ అంచున బుడగలు, రెండోసారి" అని ఉండాలి. బండి పగటి వెలుగులో చూశాకే సంతకం పెట్టు. పాత జాబ్ కార్డుల నంబర్లతో కంపెనీకి మెయిల్ పెట్టు. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదానికి కారణం పుట్టిన రెండేళ్లలోపు అక్కడ ఫిర్యాదు వెయ్యాలి. అప్పటిదాకా ఆ బానెట్‌కి బయట పాలిష్ కూడా పట్టించకు, నీ సాక్ష్యం అదే.

ఇట్లు,
మామయ్య