కొండాపూర్ ఫ్లాట్‌కు వారం మధ్యలోనూ అతిథులు రావాలంటే

హైదరాబాద్ కొండాపూర్‌లో మీరు రోజువారీ అద్దెకు ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ శని, ఆదివారాల్లో నిండుతున్నా మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటోందని, అద్దె తగ్గించినా ఫలితం లేదని రాశారు. దయచేసి అద్దె ఇంకా తగ్గించకండి. 'అందమైన, ప్రశాంతమైన ఫ్లాట్' అన్న మీ ప్రకటన శీర్షిక ఎవరి కోసమో తెలియకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

పనిదినాల్లో మీ ప్రాంతానికి వచ్చేవారు విహారయాత్రికులు కారు. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌కు ఇంటర్వ్యూ కోసం వచ్చే కుటుంబాలు, గచ్చిబౌలి ఆసుపత్రుల్లో చికిత్స పొందేవారి బంధువులు ఎక్కువ. కాన్సులేట్ లోపలికి ఫోన్లు, బ్యాగులు అనుమతించరు కనుక, ఇంటర్వ్యూ ముగిసేవరకు సామాను ఫ్లాట్‌లోనే ఉంచుకోవచ్చని, తెల్లవారుజామున లింగంపల్లిలో రైలు దిగినవారికి ముందు రాత్రి ఖాళీగా ఉంటే ఆరు గంటలకే తాళం ఇస్తామని ప్రకటన మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి.

రోగి బంధువులకు కావలసింది వంటగది. మా ఫ్లాట్‌లో చిన్న కుక్కర్, జావ కాచుకునే గిన్నె, మూత బిగుతుగా ఉండే స్టీలు క్యారియర్ ఉంచి, వాటిని గట్టుమీద పేర్చి ఫోటో పెట్టిన తరువాతే వారంపాటు ఉండేవారు రావడం మొదలైంది. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ కోసం బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కడ్డీ బిగించాము. దాని ఫోటో చూసే ఇప్పటికీ కొందరు ఫోన్ చేస్తారు.

ఫోటోలు ఉదయపు వెలుతురులో, పరదాలు తీసి తీయండి. లిఫ్టు, పార్కింగ్, ఇన్వర్టర్ వివరాలు దాచకుండా చెప్పండి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ప్రభుత్వానికి సమర్పించాలి. అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి మాత్రం ముందే రాతపూర్వకంగా తీసుకోండి.