వంశవృక్షం: డర్బన్ నుంచి ఫోన్ చేసిన అక్క

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. నెల క్రితం దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒకావిడ ఎవరెవరినో అడిగి నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి. తన తండ్రికి తాత అయిన ఆయన 1890లలో మా ఊరి నుంచే చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లాడనీ, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు ఉన్న కాగితం తన దగ్గర ఉందనీ చెప్పారు. ఆ తండ్రి పేరు మా ఇంట్లో ఉన్న ఒక పాత దస్తావేజులో కనిపిస్తుంది. ఆయన మా నాన్నగారికి ముత్తాత. మా తాత మాత్రం ఇలా ఎవరో సముద్రం దాటి వెళ్లారని ఎన్నడూ చెప్పలేదు. ఎనభై దాటిన మా నాన్నగారు ఆ రోజు నుంచి ఇదే ధ్యాసగా ఉన్నారు. మా చిన్నాన్నలేమో ఇది భూమి కోసం వేసిన ఎత్తు, మాట్లాడవద్దు అంటున్నారు. నిజం ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ముందు ఆవిడకు మీరే ఫోన్ చేసి ఆ కాగితం ఫోటో పంపమని అడగండి. మీ చిన్నాన్నల అనుమానం తీరాలన్నా, మీ నాన్నగారి ఆరాటం తీరాలన్నా దాన్ని కళ్లారా చూడాల్సిందే.

డర్బన్ రేవు ఉన్న నేటాల్ ప్రాంతానికి కూలీలను తీసుకుని మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారు 1,52,000 పైచిలుకు. వారిలో ఎక్కువ మంది ఎక్కింది మద్రాసు రేవులోనే. 1870ల నాటికే పుత్తూరు మీదుగా మద్రాసుకు రైలు నడుస్తోంది కాబట్టి మీ ఊరి మనిషికి ఆ రేవు దూరమేమీ కాదు. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది మచ్చలు పట్టికలో రాసుకున్నారు. ఆ మనుషులను సరుకు లెక్కించినట్టు లెక్కించిన పట్టికలే అవి. అయినా ఒక బీద రైతు కొడుకు గురించి ఇన్ని వివరాలు మన వైపు ఏ కాగితంలోనూ దొరకవు.

ఆ కాగితంలో జిల్లా అని ఉన్నచోట చిత్తూరు బదులు నార్త్ ఆర్కాట్ అని కనిపిస్తే కంగారు పడకండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు పుత్తూరు కార్వేటినగరం జమీందారీలో, నార్త్ ఆర్కాట్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. అక్కడి నుంచి నేటాల్ వెళ్లినవారి సంఖ్య చాలా పెద్దది. పేర్ల విషయంలో కూడా ఉదారంగా ఉండాలి. మన మునిస్వామి అక్కడ మూన్‌సామీ అయ్యాడు, చెంగల్రాయుడు చెంగల్‌రాయన్ అయ్యాడు. తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఇంటిపేరు ఆ పట్టికల్లో ఉండదు. తర్వాతి తరాల్లో తాత పేరో, కులం పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి ఆవిడ ఇంటిపేరు మీ ఇంటిపేరుతో కలవలేదని మీ చిన్నాన్నలు వాదిస్తే ఆ వాదన చెల్లదు.

అయితే ఒక్క తండ్రి పేరు కలిసినంత మాత్రాన చాలదు. మన ప్రాంతంలో ముని అన్న మాటతో మొదలయ్యే పేరు ఇంటికొకటి ఉంటుంది. ఊరు, కులం, తండ్రి పేరు, ఈ మూడూ ఒకే మనిషి దగ్గర కలవాలి. అప్పుడు మీ దస్తావేజు దగ్గరకు రావాలి.

నేను ఉద్యోగం చేసింది రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, పాత దస్తావేజులకు నకళ్లు రాసే పని. అందుకే ఈ విషయం కాస్త విపులంగా చెబుతాను. మీ దగ్గరున్న కాగితంలో అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు చూసి మడిచి పెట్టేసి ఉంటారు. అందరూ చేసేది అదే. ఈసారి చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరిది అని రాసి ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్న భూమిలో హద్దుకు అవతలివాడు చాలాసార్లు సొంత అన్నో తమ్ముడో అయి ఉంటాడు. పక్క పొలం వాడి తండ్రి పేరు కూడా అదే అయితే, ఆ ఇంట్లో ఇంకొక కొడుకు ఉన్నాడని మీకు అక్కడే తెలుస్తుంది. తర్వాత సాక్షుల సంతకాలు, వేలిముద్రలు చూడండి. బావమరిదినో మేనమామనో కాక పరాయివాణ్ణి సాక్షిగా పిలిచేవారు తక్కువ. ఆ తర్వాత అదే కుటుంబం భాగపంపకాల దస్తావేజు ఏదైనా ఉందేమో వెతకండి. ‘రెండవవాడు దేశాంతరం పోయి జాడ తెలియనందున’ అన్న మాట పాత భాగపత్రాల్లో నా చేత్తో నకలు రాశాను. ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ నా కలం ఆగేది. ఒక మనిషి గురించి ఇంట్లోవాళ్లు రాసిన చివరి మాట అది. మీ ఇంటి కాగితాల్లో అలాంటి వాక్యం కనిపిస్తే దాదాపు సగం విచారణ అయిపోయినట్టే.

ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, 1983 తర్వాతివాటికే. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి వెతికించాలి. పేర్లతో వెతికే సూచిక ఒకటి, ఆస్తి వివరాలతో వెతికేది మరొకటి ఉంటాయి. మీకు సర్వే నంబరు తెలుసు కాబట్టి రెండోదానితో మొదలుపెట్టండి. మీ పూర్వీకులకు ఇనాం భూమి ఉండి ఉంటే అదృష్టమే. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో అనుభవదారుల పేర్లు, కొన్నిచోట్ల వంశక్రమం కూడా దొరుకుతాయి.

డీఎన్‌ఏ పరీక్ష సంగతి మీరు అడగలేదు కానీ ఆవిడ అడుగుతారు. బయట దేశాల్లో ఇప్పుడు అందరూ మొదలుపెట్టేది దానితోనే. చేయించేటట్టయితే మీరు కాదు, మీ నాన్నగారు చేయించుకోవాలి. ఆయన ఆ అన్నదమ్ములకు ఒక తరం దగ్గర. మీకూ ఆవిడకూ ఉమ్మడిగా ఉండే భాగం సగటున ఒక శాతం లోపే. ఆ దూరపు బంధువుల్లో పదిమందిలో ఒకరికి ఏమీ కలవకపోవచ్చు కూడా. ఇంకొక చిక్కు మన మేనరికాలు. తరతరాలుగా అక్కాతమ్ముళ్ల పిల్లల మధ్య, అదే కులంలోని నాలుగు ఊళ్ల మధ్య పెళ్లిళ్లు చేసుకున్నాం కాబట్టి, లేని దగ్గరి బంధుత్వం ఉన్నట్టు ఫలితాల్లో కనిపిస్తుంది. ఆవిడకు తండ్రి వైపు అన్నదమ్ములు ఎవరైనా ఉంటే వారూ మీ నాన్నగారూ వై క్రోమోజోమ్ పరీక్ష చేయించుకోవడం మేలు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. మీ రెండు కుటుంబాలనూ కలుపుతున్నది మగ సంతానమే కాబట్టి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కాగితాలు కలిసి, ఇది కూడా కలిస్తే ఇక సందేహం పెట్టుకోనక్కరలేదు.

మీ తాతగారు ఎందుకు చెప్పలేదంటారా? ఆయన పుట్టేనాటికే ఆ పెద్దమనిషి వెళ్లిపోయి ఉంటాడు. ఇంట్లో చెప్పకుండా వెళ్లినవారూ ఎందరో ఉన్నారు. ఉత్తరాలు రాసుకునే చదువు లేదు. పంపడానికి డబ్బూ లేదు. నేటాల్‌లో మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు. 1895లో చేసిన చట్టం ప్రకారం అయిదేళ్ల ఒప్పందం ముగిశాక తిరిగి రాకుండా, మళ్లీ ఒప్పందానికి దిగకుండా అక్కడే ఉండిపోతే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది కూలిలో ఆరు నెలల సంపాదన. 1914లో గాని ఆ పన్ను రద్దు కాలేదు. అలాంటి మనిషి ఇంటికి మనియార్డరు పంపలేదని మనం తప్పు పట్టగలమా? ఈ మాట మీ చిన్నాన్నలకు చదివి వినిపించండి.

భూమి భయం గురించి ఒక్కటే చెబుతాను. మీ ఉత్తరాన్ని బట్టి ఆవిడ అడిగింది ఊరి గురించి, మనుషుల గురించి. సర్వే నంబరు అడగలేదు. రేపు ఎవరైనా ఆస్తి మాట ఎత్తితే న్యాయవాది ఉన్నాడు. ఆ భయంతో ఈరోజు ఫోన్ ఎత్తకపోవడం నాకు సబబుగా తోచదు.

కాగితాలు కలిస్తే ఆవిడ మీకు దాయాది అక్క. మీ నాన్నగారికి కూతురు వరస. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే వీడియో కాల్‌లో మాట్లాడించండి. ఆయనకు గుర్తున్న పేర్లన్నీ, చనిపోయిన పసిబిడ్డల పేర్లతో సహా రికార్డు చేసి పెట్టండి. దస్తావేజులు కార్యాలయంలో ఎప్పటికీ ఉంటాయి. ముందు ఆయనను కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా ముత్తాతలది తిరుత్తణి పక్క పల్లె. ఇప్పుడు మేం చిత్తూరులో ఉంటున్నాం. పాత రికార్డుల కోసం చిత్తూరులో వెతకాలా, తమిళనాడులోనా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఏ సంవత్సరం కాగితం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. తిరుత్తణి 1911 వరకు నార్త్ ఆర్కాట్, ఆ తర్వాత చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. దస్తావేజుల కోసం మొదట తిరుత్తణి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోనే అడగండి. 1960కి ముందువి తెలుగులో ఉండే అవకాశం ఉంది కాబట్టి చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. 1911కు ముందటి ప్రభుత్వ రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. మదనపల్లె, వాయల్పాడు వైపు పాఠకులు కూడా ఒక మాట గుర్తుంచుకోండి: 1911కు ముందు మీవి కడప జిల్లా కింద ఉంటాయి.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే మా తాతగారు 1951లో రాసిన దానపత్రం దొరికింది. ‘నా కుమార్తెకు పసుపు కుంకుమల కింద’ చంద్రగిరి దగ్గర ఎకరా మాగాణి ఇచ్చినట్టు ఉంది. ఆ కుమార్తె పేరు మేమెప్పుడూ వినలేదు. తల్లి పేరు మా నానమ్మది కాదు. వాకబు చేస్తే ఆ కుటుంబం రేణిగుంటలో ఉందని తెలిసింది. అమ్మ మాత్రం పాత సంగతులు తవ్వవద్దంటోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వెళ్లండి. ఆలస్యం కూడా చేయవద్దు. 1951లో పెళ్లయిన అమ్మాయి బతికి ఉంటే ఇప్పుడు తొంభై ఏళ్ల దగ్గర ఉంటారు. ఆవిడ మీకు స్వయానా మేనత్త.

మీ అమ్మగారి మనసు కష్టపెట్టేది పరువు గురించిన ఆలోచన అయితే ఆవిడకు ఇది చెప్పండి. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్లిని నిషేధించిన చట్టం వచ్చింది 1949లో. అంతకు ముందు శాస్త్రోక్తంగా చేసుకున్న రెండో పెళ్లికి చట్టం అడ్డు చెప్పలేదు. 1951లో పెళ్లీడుకు వచ్చిన కూతురు ఉందంటే ఆ పెళ్లి 1930లలోనే అయి ఉండాలి. మీ తాతగారు రిజిస్ట్రారు ఎదుట, సాక్షుల ఎదుట ‘నా కుమార్తె’ అని రాయించారు. దాచాలనుకున్న మనిషి అలా రాయించడు.

నా ఉద్యోగకాలమంతా నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది. ఆస్తి కాగితాల్లో ఆడపిల్ల పేరు కనిపించడం ఎంతో అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది 1985లో. అంతకు ముందు భాగపంపకాల్లో కూతుళ్ల ప్రస్తావన అవసరమే లేదు. నలుగురు కొడుకుల పేర్లు వరుసగా ఉంటాయి, అయిదుగురు ఆడపిల్లలు ఉన్నా ఒక్కరి పేరూ ఉండదు. వారు మనకు దొరికేది పసుపు కుంకుమల దానపత్రాల్లోనే. ఊహించని బంధువులు బయటపడేదీ ఎక్కువగా అక్కడే. వంశవృక్షం గీస్తున్నామని నాకు పంపే పాఠకుల పటాల్లో కూడా కొడుకుల గీతలే ఉంటాయి. మీరు ఆ కాగితాన్ని చదివి, పేరు దగ్గర ఆగి, ఈమె ఎవరని అడిగారు. నాకు ఎంతో సంతోషం కలిగింది.

అమ్మకు చెప్పకుండా మాత్రం వెళ్లకండి. ముందు ఒక ఉత్తరం రాయండి. మీరు ఎవరి మనవరాలో, ఏ కాగితం దొరికిందో, మేనత్తను చూడాలని ఉందని, మీ ఫోన్ నంబరు. అంతే చాలు. మాగాణి ఇప్పుడెవరి పేరున ఉందన్న మాట ఉత్తరంలోనూ వద్దు, మొదటిసారి కలిసినప్పుడూ వద్దు. వాళ్లు రమ్మంటే వెళ్లేటప్పుడు ఆ దానపత్రం నకలు ఒకటి తీసుకెళ్లి ఇవ్వండి. అసలు పత్రం మీ పెట్టెలో ఉంది కాబట్టి వాళ్ల దగ్గర లేకపోవచ్చు. ఆవిడ పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఉందేమో అడగండి. ఆ పుస్తకాల్లో ఊరు, పేరు, పక్కన అయిదు రూపాయలో, ఇత్తడి చెంబో, రవిక గుడ్డో రాసి ఉంటుంది. మీ నానమ్మ వైపు నుంచి ఎవరైనా ఆ పెళ్లికి వెళ్లారా అన్నది అందులో తెలుస్తుంది. వెళ్లి ఉంటే మీ అమ్మగారికి ఆ పేజీ ఫోటో తీసి చూపించండి. వాళ్లు రమ్మనకపోతే కొన్ని నెలలు ఆగి, పండక్కి మళ్లీ ఒక ఉత్తరం రాయండి.