కొడితే పడి ఉండటమేనా?

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. అమెరికా పౌరహక్కుల ఉద్యమం పాఠం నడుస్తుంటే ఒక కుర్రాడు లేచి "కొడుతున్నా కదలకుండా కూర్చోవడం చేతకానితనం కాదా టీచర్?" అన్నాడు. క్లాసంతా వాడి వైపే. ఏం చెప్పమంటారు?
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: వాడి నోరు మాత్రం మూయించకండి. మంచి ప్రశ్న అడిగాడు, పాఠం అక్కడి నుంచే ఎత్తుకోండి. రోజా పార్క్స్ బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్నారు, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించారు, చట్టం వచ్చింది అని మూడు ముక్కల్లో తేల్చేస్తే పిల్లలకు అహింస అంటే ఓర్చుకోవడమే అనిపిస్తుంది, మధ్యలో పడ్డ చాకిరీ ఎక్కడా కనబడదు కదా!

నాష్‌విల్ నగరం సంగతి చెప్పండి. అమెరికాలోని ఆ ఊళ్లో దుకాణాల్లోని తినుబండారాల కౌంటర్ల దగ్గర నల్లజాతివాళ్లను కూర్చోనిచ్చేవారు కాదు. జేమ్స్ లాసన్ మన నాగపూర్‌లో మూడేళ్లు ఉండి గాంధీ పద్ధతులు అధ్యయనం చేసి వెళ్లినాయన, 1959లో అక్కడి కాలేజీ పిల్లలకు చర్చిలో శిక్షణ ఇచ్చారు. కొందరు తినుబండారాల కౌంటర్ ముందు కూర్చున్నట్టు నటిస్తే, మిగతావాళ్లు మీదపడి తిట్టడం, కుర్చీల్లోంచి లాగి పడేయడం. దెబ్బలు పడుతుంటే తల ఎలా కాచుకోవాలి, పక్కవాణ్ణి కొడుతుంటే ఎలా అడ్డం వెళ్లాలి, అన్నీ ప్రాక్టీసు చేశారు. 1960 ఫిబ్రవరిలో నిజంగానే వెళ్లి కూర్చున్నారు, పోలీసులు ఒక బృందాన్ని పట్టుకెళ్లగానే ఇంకో బృందం వచ్చి అవే స్టూళ్ల మీద కూర్చుంది. నల్లజాతివాళ్లు ఆ దుకాణాల్లో కొనడమూ మానేశారు. మే 10న ఆ కౌంటర్లు నల్లజాతివాళ్లకూ తెరుచుకున్నాయి. ఇది చేతకానివాళ్లు చేసే పనేనా, వాళ్లనే అడగండి.

ఆ తిట్లూ తోపులాటా మాత్రం క్లాసులో వేయించకండి, రోజూ అవమానాలు పడే పిల్లలు ఆ గదిలోనే ఉండొచ్చు. దానికి బదులు మాంట్‌గోమరీ లెక్క ఇవ్వండి. 1955 డిసెంబరులో ఆ నగరంలో, బస్సుల్లో వివక్షకు నిరసనగా నల్లజాతివాళ్లు బస్సులు ఎక్కడం మానేశారు, రేపు పొద్దున వేలమంది పనికి వెళ్లాలి, కార్లు ఎవరివి, ఎక్కడ ఎక్కించుకోవాలి, పెట్రోలు డబ్బులెవరిస్తారు? గ్రూపులుగా కాగితం మీద ప్లాన్ వేయమనండి. అయ్యాక చెప్పండి, వాళ్లు దీన్ని 381 రోజులు నడిపారని. రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే సీటు ఇవ్వనని అరెస్టయిన క్లాడెట్ కాల్విన్‌కి అప్పుడు పదిహేనేళ్లే, ఇంచుమించు మీ పిల్లల వయసు.

ఇంకొకటి. మీ కుర్రాడి అనుమానమే నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్‌కీ ఉంది, ఆయన అహింసను గట్టిగా విమర్శించారు. ఆ వైపు నుంచి వాదించే పని వాడికే అప్పజెప్పండి. చివరికి వాడు ఒప్పుకోకపోయినా పర్లేదు, బాగా వాదిస్తే మార్కులు పూర్తిగా వేయండి.