సాక్షిని విచారించవచ్చా?

సందేహం: ఆస్తి నేరాల దర్యాప్తు గురించిన ఒక శిక్షణ పాఠాన్ని తెలుగు చేస్తున్నాను. అనుమానితులను, సాక్షులను పోలీసులు ఇంటర్వ్యూ చేసే పద్ధతి అందులో ముఖ్యం. దానికి 'విచారణ' అని రాశాను. కానీ కోర్టులో జరిగేదీ విచారణే కదా! పైగా అనుమానితుడు, నిందితుడు, ముద్దాయి ఒకటేనా?

సమాధానం: 'విచారణ' చేత మనం మరీ ఎక్కువ చాకిరీ చేయిస్తున్నాం. సంస్కృతంలో విచారమంటే ఆలోచన, తెలుగులో దుఃఖం కూడా. 'సాక్షి విచారించాడు' అంటే పాపం, బాధపడ్డాడనే అర్థం వస్తుంది.

పగిలిన తాళం చూడటం, వేలిముద్రలు తీయడం, పోయిన సొత్తు జాబితా రాయడం, ఎవరెవరినో అడగడం, ఇదంతా కలిపి దర్యాప్తు. ఇది పారశీకం నుంచి వచ్చిన మాట, అక్కడ దాని అర్థం కనుక్కోవడం. విచారణను కోర్టుకు వదిలేయండి.

ఇక మిగిలింది ఎదురుగా కూర్చోబెట్టి అడగడం. చిక్కంతా ఇక్కడే. ఇంటర్వ్యూ అంటే మనకు ఉద్యోగమో టీవీయో గుర్తొస్తుంది. ఇంటరాగేషన్ అంటే మూసిన గది, లాఠీ. మన నుడికారమూ తక్కువది కాదు: 'నిజం కక్కించారు' అంటాం. ఆ మాటలోనే బలవంతం ఉంది, ఆ నిజం అవతలివాడి కడుపులో ఉందన్న ముందస్తు తీర్పూ ఉంది. చట్టబద్ధమైన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. పోలీసులు ప్రశ్నించే తీరు గురించి అంతర్జాతీయ నిపుణులు రూపొందించగా 2021లో వెలువడిన మెండెజ్ సూత్రాలు నేరం ఒప్పించడం కోసం కాకుండా, సరైన సమాచారం రాబట్టడం కోసం అడగమంటాయి. మౌనంగా ఉండే హక్కునూ గుర్తుచేస్తాయి. ఆ పాఠానికి 'విచారించారు' కన్నా, అనుమానితుడి విషయంలో 'ప్రశ్నించారు', సాక్షి విషయంలో 'అడిగి తెలుసుకున్నారు' నప్పుతాయి. ఆ చెప్పినదాన్ని రాసుకుంటే వాంగ్మూలం. వాక్కే మూలంగా గలది కాబట్టి ఆ పేరు. అసలు రూపం వాఙ్మూలం. 'నోటి వాంగ్మూలం' అనక్కర్లేదు.

అనుమానితుడి మీద ఉన్నది అనుమానమే, నిందితుడి మీద ఉన్నది ఆరోపణే. నేరం రుజువయ్యాకే దోషి. అందుకే 'నిందితుడు బీరువా పగలగొట్టి నగలు ఎత్తుకెళ్లాడు' అన్న వాక్యం నాకు రుచించదు. ఎత్తుకెళ్లినవాడు దొంగ. అతనే ఇతనని ఇంకా తేలలేదు కదా! 'ఎత్తుకెళ్లాడని ఆరోపణ' అంటే సరిపోతుంది.

ముద్దాయి కథ తమాషాది. అరబీ నుంచి వచ్చిన ఈ మాటకు ఉర్దూలో అర్థం దావా వేసినవాడు, అంటే వాది. తెలుగులోకి వచ్చేసరికి అతనే బోనెక్కాడు! మన వాడుక స్థిరపడిపోయింది కాబట్టి తప్పనక్కర్లేదు. కాకపోతే, ఎప్పుడైనా ఉర్దూ కాగితాలు తెలుగు చేయాల్సివస్తే మాత్రం ఫిర్యాదుదారుణ్ని నిందితుణ్ని చేసేయకండి.